పొడవాటి బీరువాకు అటువైపు

ఫిబ్రవరి 6

అక్కా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆ? ఎవరూ?" అంటావు, నేను గొంతు చించుకుంటాను, పక్కగదివాళ్లు గోడ మీద గుద్దుతారు. మొన్న అయితే నా మాట ఒక్కటి కూడా వినపడక ఎవరో రాంగ్ నంబరనుకుని పెట్టేశావు. అందుకే మళ్లీ కాగితం మీద పడ్డాను. ఉత్తరంలో అయితే నీ చెవులతో నాకు పేచీ లేదు.

విషయం చెప్పేస్తాను. మా ఆఫీసు మూసేస్తున్నారు. ఏప్రిల్లో లెక్కలన్నీ అప్పజెప్పి తాళం వేసేస్తారట. నేనుంటున్న గది కూడా ఆఫీసుదే కాబట్టి దాన్నీ ఖాళీ చెయ్యాలి. ఈ వయసులో ఇంకో ఊళ్లో ఇంకో కుర్చీ వెతుక్కునే ఓపిక నాకు లేదు. ఇంటికి వచ్చేస్తానక్కా. చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికి. నాదని చెప్పుకోవడానికి నాకున్న చోటు అదొక్కటే. నువ్వు వద్దనవని తెలుసు. అయినా నీ చేత "రా" అనిపించుకోవాలని ఉంది.

ఒక్కటే షరతు. ఆ వంటగదిని మార్చాలి. పోయిన వేసవిలో వచ్చినప్పుడు గోడ అలమర తలుపు ఊడి నా చేతిలోకి వచ్చింది, గుర్తుందా? గట్టు కింద చెక్క నానిపోయి పుట్టగొడుగులు మొలవడమే తరువాయి. ఇక్కడ ఒక కేటలాగు చూశాను. పలకలు, స్క్రూలు, కాళ్లు అన్నీ విడివిడిగా అట్టపెట్టెల్లో వస్తాయి, మనమే బిగించుకోవాలి. అన్నిటికన్నా చవకరకం ఎంచాను. తెల్లగా ఉంది. ఫోటో చూస్తే ఆ వంటింటావిడ పొయ్యి వెలిగించిన పాపాన పోలేదనిపిస్తుంది. ఆ కొట్టు మీ ఊళ్లోనూ ఉంది. వెళ్లి చూసి, గోడ కొలతలు తీసి పంపు.

పెట్టెలు వచ్చే రోజుకి నేను సెలవు పెట్టి వస్తాను. నా కుడి భుజం ఇంకా బిగుసుకుపోయే ఉంది, చెయ్యి చెవి దాటి పైకి లేవదు. స్క్రూ తిప్పడానికి మోచెయ్యి చాలుగా. నువ్వు మాత్రం ఏదీ ముట్టుకోకు.

నీ నెత్తిన కూర్చోవడానికి సిద్ధంగా,
చెల్లి


ఫిబ్రవరి 14

చెల్లీ,

రా.

నీ గదికి సున్నం వేయించాను. కిటికీ బోల్టు మార్పించాను. దీని గురించి నువ్వేమీ రాయకు. మన ఇంట్లో చేసినవాళ్లు చెప్పుకోరు, చూసినవాళ్లు అడగరు. నాన్న పోయినా ఆయన పెట్టిన ఆ పద్ధతి నాకు ఇష్టం.

కొలతలు వేరే కాగితం మీద పెట్టాను. గోడ వంకర. కిటికీ వైపు ఒక కొలత వస్తోంది, తలుపు వైపు ఇంకొకటి. తక్కువది రాసుకో. సింకు గొట్టం మూలలో ఉంది, జరపడం కుదరదు.

కొట్టుకి వెళ్లి చూశాను. పెద్ద గోదాములాంటి చోట వరుసగా వంటగదులు కట్టి పెట్టారు. ఒక్కోదానికీ మూడు గోడలే. కుళాయిలు తిప్పితే నీళ్లు రావు. కిటికీ అద్దం వెనక ఇటుకలు. పళ్లేలు బల్లకి అతికించి ఉన్నాయి. నువ్వు ఎంచిన తెల్లది చివర్లో ఉంది. అక్కడ గట్టు దగ్గర ఒకామె అటు తిరిగి నిలబడి ఉంది, ఏదో తరుగుతున్నట్టు. వెనక నుంచి అచ్చు నువ్వే. నాకు చెప్పకుండానే నువ్వు ఊళ్లోకి వచ్చేశావేమోనని "చెల్లీ" అని పిలిచాను. ఆమె తిరగలేదు, చెయ్యి మాత్రం ఆగింది. "ఇంకా ఇక్కడెందుకు, పద ఇంటికి" అని కూడా అన్నాను. అప్పటికి పొరపాటు తెలిసింది. సిగ్గేసి వచ్చేశాను.

తెల్లదే తీసుకుందాం. తలుపులకి గుండ్రటి పిడులు చాలు, పొడుగు కమ్మీలు వద్దు. చీర కొంగు తగులుకుంటుంది.

రోజూ ప్రార్థనలో నీ భుజం కూడా ఉంటుంది.

అక్క


ఫిబ్రవరి 21

అక్కా,

నీ "రా" కత్తిరించి పర్సులో పెట్టుకున్నాను. నవ్వకు.

ఆర్డరు పెట్టేశాను. కింద వరుస గూళ్లు, పైన గోడ గూళ్లు, తలుపు పక్కన నిలువెత్తు బీరువా ఒకటి. సామానంతా దాంట్లో పట్టేస్తుంది. పిడులు మాత్రం నీ మాట వినలేదు. పొడుగు కమ్మీలే పెట్టాను, నా చేతికి అవైతే పట్టు దొరుకుతుంది. నీ కొంగు నువ్వు దోపుకో. ఇంట్లో నేనుంటే ఇలాగే ఉంటుంది మరి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకో.

ఎవరో ముక్కూ మొహం తెలియనావిణ్ని చెల్లీ అని పిలిచి ఇంటికి రమ్మంటావా? రోడ్డు మీద కూరలమ్మేవాణ్ని తమ్ముడంటావు, కండక్టర్ని బాబాయంటావు. వాళ్లందరూ నీ మాట నమ్మి సామాను సర్దుకుని వస్తే నా గది ఎవరికిస్తావు?

పెట్టెలు మార్చి మొదటి వారంలో వస్తాయి. ఆ నిలువెత్తు బీరువా నాకోసం ఆగాలి. దాన్ని నేల మీద పడుకోబెట్టి బిగించి, తరవాత ఎత్తాలి. ఒక్కరు ఎత్తకూడదని కాగితంలో బొమ్మ వేసి మరీ చెప్తారట. నువ్వు మొండిదానివి కాబట్టి రాస్తున్నాను.

చెల్లి


మార్చి 4

అక్కా,

తిట్టుకో. నేను రాలేకపోతున్నాను. సెలవులన్నీ రద్దు చేశారు. పాత లెక్కలు చూసేవాళ్లు వచ్చి కూర్చున్నారు, నేను లేకపోతే వాళ్లకి ఒక్క కాగితమూ దొరకదట. ఇన్నాళ్లూ నేనున్నానని కూడా గమనించని ఆఫీసు ఇప్పుడు నన్ను వదలడం లేదు.

గట్టు కొయ్యడానికి, గోడ గూళ్లు బిగించడానికి మీ ఊళ్లో ఒక ఫిట్టరుతో మాట్లాడాను. నెలాఖరు లోపు వస్తానన్నాడు. అందాకా పెట్టెలు వసారాలో అలాగే ఉండనీ. ముట్టుకోకు.

మాట తప్పినందుకు నాకే బాగాలేదు.

చెల్లి


మార్చి 11

చెల్లీ,

పెట్టెలు వచ్చాయి. మోసుకొచ్చినవాళ్లు గుమ్మానికి అడ్డంగా పెట్టి పోయారు. తలుపు మూసుకోవడం కుదరక పగలంతా తెరిచే ఉంచాను.

కాగితంలో అక్షరం లేదు, అన్నీ బొమ్మలే. గుండు మనిషి ఒకడు. ఒక్కడే బీరువా ఎత్తితే వాడి మీద అడ్డగీత. పక్కన ఇంకొకణ్ని నిలబెడితే ఇద్దరూ నవ్వుతున్నారు. ఆ బొమ్మ చాలాసేపు చూశాను.

కింది గూళ్లు నేనే బిగించుకున్నాను. కష్టమేమీ కాదు. చెక్కమేకు కన్నంలో పెట్టి, చేత్తో తట్టి, స్క్రూ తిప్పడమే. తొందరపడితే కన్నం పెద్దదవుతుంది. నేను తొందరపడను.

నిలువెత్తుది కూడా నిలబడింది. కంగారు పడకు. ఒక అంచు పట్టుకుని దేవుణ్ని తలుచుకుని ఎత్తాను. తేలిగ్గా లేచింది. అటువైపు పట్టుకున్న చేతులు ఉన్నాయి. ఎవరివో నీకు చెప్పనక్కర్లేదు. "కొంచెం కిటికీ వైపు" అంటే కిటికీ వైపు జరిగింది. రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ సరిగ్గా మధ్యలో ఆగింది. నేను చుట్టూ తిరిగి అటు వచ్చేసరికి ఎవరూ లేరు. టీ కలిపి కొత్త గూటి మీద పెట్టి నా గదిలోకి వెళ్లాను. మళ్లీ వచ్చి చూస్తే గ్లాసు కడిగి బోర్లించి ఉంది.

రాలేనని నువ్వు రాసిన ఉత్తరం ఆ తరవాత వచ్చింది. చదివి నవ్వుకున్నాను.

నేనేమీ అడగను. నువ్వూ చెప్పకు.

అక్క


మార్చి 17

అక్కా,

నవ్వుకున్నావా? కోపం వస్తే కోపం వచ్చిందని రాయొచ్చు కదా. రాలేకపోయినందుకు నాకు అన్నం సయించడం లేదిక్కడ, నీకేమో నవ్వులాట. సరే, పడాల్సిందే.

ఆ చేతులు కింది అంతస్తు దర్జీ ఆవిడవేగా, వచ్చి సాయం పట్టినందుకు సంతోషం. ఆవిడ అలా చెప్పాపెట్టకుండా వచ్చి పోయే మనిషని నాకు తెలియదు. టీ కూడా నీ ఎదుట తాగని మొహమాటమేమిటో. నేను వచ్చాక ఆవిడకో జాకెట్టు గుడ్డ పెడతాను, అదే గుడ్డ ఆవిడ చేతికే ఇచ్చి నాకు కుట్టించుకుంటాను.

నా కోసం బీరువాలో కింది అర ఒకటి ఖాళీగా ఉంచు. పైవి నాకు అందవు. ఎవరికీ ఇవ్వకు, అది నాది. ఇక్కడ సామాను సర్దుతూ ఉంటే, నాకంటూ ఒక అర ఉందన్న మాటే ధైర్యంగా ఉంటోంది.

చెల్లి


మార్చి 25

చెల్లీ,

ఫిట్టరు వచ్చి పని చేసి వెళ్లాడు. మంచి మనిషి, ఎక్కువ మాట్లాడతాడు. నా చెవి సంగతి తెలిసి ప్రతి మాటా మొహం దగ్గరికి వచ్చి చెప్పాడు. గట్టు కోసి సింకు దించాడు. గోడకి ఇనప పట్టీ కొట్టి గూళ్లు తగిలించాడు. గోడ వంకరకి సన్న చెక్కముక్కలు పెట్టి సరిచేశాడు.

తలుపులు చూసి, వీటిని ఎవరు బిగించారని అడిగాడు. ఇంట్లోవాళ్లమే అన్నాను. పనివాళ్లు బిగించినా సందులు ఇంత సమంగా రావన్నాడు. పని మధ్యలో నేను టీ పెట్టడానికి లేవబోతే వద్దన్నాడు.

"మీరు కూర్చోండమ్మా. లోపలావిడ స్క్రూలు అందిస్తూనే ఉన్నారు."

"చూశావా ఆమెను?" అన్నాను.

"ఎక్కడ, తలుపు అడ్డంగా ఉందిగా. చెయ్యే కనపడింది. మీ చెల్లెలు గారేనా?"

అవునన్నాను. పిల్లలా మురిసిపోయాను. ఆఫీసుకి తెలియకుండా వస్తున్నావు, అందుకే దాక్కుంటున్నావు, నాకు అర్థమైంది. అడగనన్నాను కాబట్టి అడగడం లేదు. కానీ ఈ దర్జీ ఆవిడ మాట ఎందుకు రాశావో తెలియలేదు. మోకాళ్ల నొప్పులతో ఆమె మెట్లెక్కి ఏడాది దాటింది.

కింది అర నీకెందుకు? పై అరలో సామాను పెట్టిన చేతిని నేను చూశాను. తల మీదుగా నిటారుగా లేచింది. నా ప్రార్థన దేవుడు విన్నాడు. ఆ సంతోషం పట్టలేకే ఇంత రాశాను. లేకపోతే పద్ధతి తప్పేదాన్ని కాదు.

ఈసారి వస్తే దాక్కోకు. అన్నం తినిపో.

అక్క


మార్చి 31

అక్కా,

ఇది నెమ్మదిగా చదువు.

నేను రాలేదు. మార్చి మొదట్లో రాలేదు, ఫిట్టరు వచ్చినప్పుడు రాలేదు. పోయిన వేసవి తరవాత ఈ ఊరు దాటలేదు. నా భుజం బాగుకాలేదు. నిన్న జుట్టు దువ్వుకోవడానికి పక్కగది అమ్మాయిని పిలిచాను. పై అరలో సామాను పెట్టిన చెయ్యి నాది కాదు. నీ మీద ఒట్టు.

నువ్వు రాసిన చేతులు దర్జీ ఆవిడవనుకున్నాను. నువ్వేమో నావనుకున్నావు. ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. మనిద్దరికీ ఆ పద్ధతి ఒకటి.

పెట్టెలు వచ్చిన రోజున తలుపు తెరిచి ఉంచావు. ఎవరో ఇంట్లోకి వచ్చారు. వెంటనే తాళం మార్పించు. వాచ్‌మన్ని తీసుకుని గదులన్నీ చూడు, మంచం కింద కూడా. నిలువెత్తు బీరువా తెరిచి చూడు. అప్పటిదాకా దర్జీ ఆవిడ దగ్గర పడుకో.

జవాబు వెంటనే రాయి.

చెల్లి


ఏప్రిల్ 6

చెల్లీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కాసేపు ప్రార్థన చేసుకున్నాను. వాచ్‌మన్ని పిలిచి గదులన్నీ చూపించాను. మంచం కింద, బీరువాలో, మెట్ల మీద. ఎవరూ లేరు. తాళం మార్పించాను. అతను వెళ్లాక వచ్చి చూస్తే గట్టు తడిగుడ్డతో తుడిచి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

పొద్దున పదిగంటల వెలుగు. కిటికీలోంచి ఎండ గట్టు మీద పడుతోంది. భయపడే వేళ కాదు. బీరువా తలుపు తెరిచి ఉంది. దానికి అటువైపు, తలుపు కింది అంచుకీ నేలకీ మధ్య, పాదాలు కనపడ్డాయి. ఊరికే నిలబడి ఉన్నాయి. నేను మొదటిసారి పద్ధతి తప్పాను. నువ్వెవరివని అడిగాను.

"నువ్వు పిలిస్తే వచ్చాను కదక్కా" అంది.

చెల్లీ, ఫోన్లో నీ గొంతు నాకు వినపడదు. ఫిట్టరు మొహం మీదికి వచ్చి చెప్తే సగం వినపడింది. ఇది గుసగుసగా అన్నా ప్రతి అక్షరం వినపడింది. గొంతు నీదే.

ఇటు రమ్మన్నాను. వస్తాను, ఇప్పుడే కాదు అంది. నిన్ను నొప్పించేదేమైనా చేస్తావా అంటే లేదంది. ఏం కావాలన్నాను. ఏమీ వద్దంది. ఒక్కటి మాత్రం అడిగింది.

"ఉత్తరాలు ఎవరికి రాస్తున్నావక్కా?"

మా చెల్లికి అన్నాను. నేను తలుపు మూసేసరికి పాదాలు లేవు.

నాకు భయం లేదు. కానీ ఆ ప్రశ్న దగ్గర్నుంచి నీ ఉత్తరాలు దిండు కింద పెట్టుకుంటున్నాను.

అక్క


ఏప్రిల్ 12

అక్కా,

ఇంక నాకు వేళాకోళం చేతకావడం లేదు. ఏప్రిల్ 22న బయల్దేరుతున్నాను. లెక్కలు అయినా సరే, కాకపోయినా సరే.

అది ఎవరో నాకు తెలియదు. కొట్టులో అటు తిరిగి నిలబడినావిడ గురించి నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నేను దాని మీద జోకు వేశాను. ఇప్పుడు ఆ జోకు చదువుకుంటే ఒళ్లు జలదరిస్తోంది. నా గది ఎవరికిస్తావని అడిగాను కదా. అక్కా, ఎవరికీ ఇవ్వకు.

నేను నేనేనని నీకు రుజువు చెప్పుకునే రోజు వస్తుందనుకోలేదు. అయినా రాస్తున్నాను. అమ్మ పోయిన ఏడు నాకు జ్వరం వస్తే నువ్వు పరీక్ష మానేసి నా పక్కన కూర్చున్నావు, ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. స్కూల్లో పాటకి బహుమతి వచ్చిందని ఇంట్లో అబద్ధం చెప్పాను, నువ్వు నమ్మినట్టు నటించావు. నువ్వు చీకట్లో కూడా నా జడ మూడు పాయలూ సమంగా అల్లేదానివి, కానీ రిబ్బను ముడి మాత్రం ఎప్పుడూ వదులే. నాకు చోటివ్వు అక్కా. ఆవిడకి ఏ చోటైనా దొరుకుతుంది. నాకు నువ్వే ఉన్నావు.

నీ చెల్లి, నేనే


ఏప్రిల్ 17

చెల్లీ,

నువ్వు రాసిన రుజువులు అక్కర్లేదు. అవన్నీ ఆమెకూ తెలుసు. నీ ఉత్తరం విప్పుతుంటే తలుపు వెనక నుంచి రిబ్బను మాట తనే అంది. తరవాత కూర్చుని ఆలోచించాను.

ఆమె మంచిది. నేను ఏ అంచు పట్టుకుంటే రెండో అంచు పట్టుకుంటుంది. నేను లేవకముందే నీళ్లు కాగి ఉంటాయి. గట్టు ఎత్తు నాకు సరిపోయేలా కింది గూళ్ల కాళ్లు తనే తిప్పింది. నీ కమ్మీలు నాకు నచ్చలేదని ఒకసారి పైకి అన్నాను. మర్నాటికి కమ్మీలు లేవు, గుండ్రటి పిడులు ఉన్నాయి. పాత కన్నాల ఆనవాలు కూడా లేదు. ఆమె పూర్తిగా ఇటు రావడం నేను ఇంకా చూడలేదు. కానీ రోజు రోజుకీ తలుపు అంచు మీద వేళ్లు ఎక్కువ కనపడుతున్నాయి. ఇప్పుడు మణికట్టు దాకా.

నిజం చెప్తాను. ఒక రోజు నాకు అనిపించింది, ఇలాంటి చెల్లెలుంటే ఇంకేం కావాలని. ఆ రోజు ప్రార్థనకి కూర్చుంటే మాట రాలేదు. అప్పుడు తెలిసింది. ఆమె నా మాటకి ఒక్కసారి కూడా కాదనలేదు. నా చెల్లి అయితే పిడుల దగ్గరే పోట్లాట పెట్టుకునేది. పెట్టుకుంది కూడా. నిన్ను గుర్తుపట్టడానికి నాకు అది చాలు.

నువ్వు రా. వచ్చి, గట్టు ఎత్తు బాగాలేదను. తెల్లరంగు మాసిపోతుందని నేనంటే మాసిపోదను. నేను ఎడమంటే నువ్వు కుడి అను. నీ గది నీదే. కింది అర ఖాళీగానే ఉంది. ఆమెకి నేను నెమ్మదిగా చెప్పి పంపిస్తాను.

ఈ ఉత్తరం గట్టు మీద పెట్టుకుని రాశాను. కిటికీ వెలుగు ఇక్కడే బాగుంటుంది. రాస్తున్నంతసేపూ వెనక బీరువా తలుపు తెరిచే ఉంది.

అక్క


ఏప్రిల్ 26

చెల్లీ,

నువ్వు ఇంట్లోనే ఉన్నావు. అయినా నీ పాత చిరునామాకే రాస్తున్నాను.

22 సాయంత్రం వచ్చావు. నేను బకెట్లు కడుగుతున్నాను. తల ఎత్తేసరికి వంటగది మధ్యలో నిలబడి ఉన్నావు, ఏ తలుపూ అడ్డం లేకుండా, మొహం ఇటు తిప్పి. నువ్వే. నేను అన్నం తినమన్నాను. "వద్దు" అన్నావు. ఎంత సంతోషించానో. గట్టు మరీ ఎత్తుగా ఉందన్నావు. ఈ పిడులేమిటి, నా కమ్మీలేవని నిలదీశావు. తెల్లరంగు మాసిపోతుందని నేనంటే మాసిపోదన్నావు. ఎడమంటే కుడి అన్నావు. పై అర అందుకోబోయి భుజం పట్టుకుని కూలబడ్డావు. చెయ్యి చెవి దాటలేదు, నేను చూశాను. నూనె రాశాను.

బీరువా వెనక ఇప్పుడు ఎవరూ లేరు. వెళ్లిపోయిందనుకుంటున్నాను. నేను చెప్పకుండానే వెళ్లిపోయింది.

కింద దర్జీ ఆవిడ నిన్ను కిటికీలో చూసిందట. మీ చెల్లెలు వచ్చి మంచిపని చేసింది, ఈ వయసులో తోడుండాలి అంది. అవునన్నాను.

సామాను ఏదని అడిగితే వెనక వస్తుందన్నావు. ఇంకా రాలేదు.

నువ్వు ఇప్పుడు నీ గదిలో ఉన్నావు, తలుపు వేసుకుని. అక్కణ్నుంచి ఏదో అన్నావు. నేను ఇక్కడ కూర్చుని విన్నాను. నువ్వు వచ్చిన దగ్గర్నుంచి నీ ప్రతి మాటా నాకు వినపడుతోంది, చెల్లీ. ఒక్క అక్షరం పోవడం లేదు.

అందుకే ఈ ఉత్తరం. అక్కడ నీ గది ఖాళీ అయి ఉంటే ఇది తిరిగి వస్తుంది. నీ ఉత్తరం కోసం ఇన్నేళ్లుగా ఎదురు చూశాను. ఈ ఒక్కసారికి జవాబు రాకూడదని ప్రార్థిస్తున్నాను.

అక్క


మే 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. నా చేతికే.

లెక్కలు తేలలేదని ఆఫీసు నన్ను మళ్లీ ఆపేసింది. ఆలస్యమవుతుందని నీకు 19నే రాశాను. అది నీకు అందలేదంటే మన ఇంట్లో ఉత్తరాలు ఎవరు తీస్తున్నారు? అందుకని దీన్ని దర్జీ ఆవిడ కొట్టు చిరునామాకు పంపుతున్నాను. నీ చేతికి తప్ప ఇవ్వొద్దని కవరు మీద పెద్ద అక్షరాలతో రాశాను. అక్కడే నిలబడి చదువు. పైకి తీసుకెళ్లకు.

నువ్వు రాసిన ఆఖరి నాలుగు వాక్యాలకి నీకు దణ్ణం పెట్టాలి. నాకు ఇంకా చోటుందని వాటివల్లే తెలిసింది.

సామానుతో సహా మే 9 మధ్యాహ్నానికి మెట్లెక్కుతాను. పోట్లాటకి రావడం లేదు. నువ్వేమంటే దానికి సరేనంటాను, గట్టు ఎంత ఎత్తున్నా, పిడులు ఎలాంటివైనా. నేను ఏం మాట్లాడినా నీకు సగమే వినపడుతుంది. ఆ మిగిలిన సగం కోసం నువ్వు చెయ్యి చెవికి ఆనించి "ఆ? ఏమన్నావు?" అంటావు చూడు, ఆ ముక్కతో నన్ను గుర్తుపట్టు.

బెల్లు కొడితే నీకు వినపడదు. ఇంట్లో అది వినేవాళ్లు ఉన్నారు. ఆ రోజు పొద్దున్నించే గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చో. నీళ్లకి కూడా లోపలికి వెళ్లకు.

తలుపు నువ్వే తియ్యి.

చెల్లి